రెఫ్యూజీ అప్పీలు పోయాక పదిహేను రోజులు: కెనడా ఫెడరల్ కోర్టులో జ్యుడీషియల్ రివ్యూ ఎలా వేయాలి

ముందుగా ఒక పని చేయండి. తిరస్కరణ నిర్ణయం మీకు ఏ రోజు అందిందో ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టుకోండి. అక్కడినుంచి పదిహేను రోజులు లెక్కపెట్టి ఆ తేదీ కూడా కింద రాయండి. ఏడవాలన్నా, ఇంటికి ఫోన్ చేసి చెప్పాలన్నా, వాట్సాప్ గ్రూపులో అడగాలన్నా అన్నీ ఆ కాగితం రాశాకే. ఈ దారిలో ఎన్నో తప్పులు దిద్దుకోవచ్చు. ఆ రెండో తేదీ దాటిపోతే మాత్రం చాలా నష్టం జరుగుతుంది. ఎంత నష్టమో కింద చెబుతాను.

ఇది కెనడాలో రెఫ్యూజీ క్లెయిమ్ వేసి, ఇమిగ్రేషన్ అండ్ రెఫ్యూజీ బోర్డు కాదన్నాక ఫెడరల్ కోర్టుకు వెళ్లాలనుకునేవాళ్ల కోసం, వాళ్ల పక్కన నిలబడే బంధుమిత్రుల కోసం రాసింది. ఇది చదివినంత మాత్రాన లాయరు అక్కర్లేదని కాదు. లాయరు దగ్గరికి వెళ్లినప్పుడు ఏం అడగాలో, ఏ కాగితం పట్టుకెళ్లాలో తెలియడానికి పనికొస్తుంది.

కోర్టు చూసేది ఏమిటి

మనవాళ్లలో చాలామంది ఇక్కడే పొరబడతారు. "బోర్డు నమ్మలేదు, జడ్జిగారికి నా కథంతా చెబితే నమ్ముతారు" అనుకుంటారు. జడ్జి మీ కథ వినరు. మిమ్మల్ని ప్రశ్నలు వేయరు. మీ ప్రాణానికి ముప్పు ఉందా లేదా అన్నది ఆయన తేల్చరు. బోర్డు రాసిన నిర్ణయాన్ని ముందు పెట్టుకుని, ఆ నిర్ణయం తీసుకున్న తీరు చట్టబద్ధంగా, హేతుబద్ధంగా ఉందా అని మాత్రమే చూస్తారు. జ్యుడీషియల్ రివ్యూ అంటే ఇదే.

పరీక్ష ఫెయిలైనవాడు రీవాల్యుయేషన్‌కి పెట్టడం మనకు తెలిసిందే. ఇది అది కూడా కాదు. రీవాల్యుయేషన్‌లో మార్కులు మారొచ్చు. ఇక్కడ జడ్జి మార్కులు వేయరు. దిద్దినవారు పద్ధతి తప్పారనిపిస్తే పేపరును వేరొకరికి పంపి మళ్లీ దిద్దమంటారు. గెలిచినా వెంటనే రెఫ్యూజీ హోదా రాదు, మళ్లీ విచారణే వస్తుంది. అందుకే ఈ కేసులో మీ జీవితం కన్నా బోర్డు రాసిన ఆ పాతిక ముప్పై పేజీలే ముఖ్యం. వినడానికి కఠినంగా ఉన్నా, దీన్ని తొలిరోజే ఒప్పుకున్నవాళ్ల దరఖాస్తులే బలంగా ఉంటాయి.

మొదటి అడుగు: మీరు సరైన గుమ్మం ముందు ఉన్నారా?

మొదట క్లెయిమ్ విన్నది బోర్డులోని రెఫ్యూజీ ప్రొటెక్షన్ డివిజన్. అది కాదంటే సాధారణంగా బోర్డులోనే ఉన్న రెఫ్యూజీ అప్పీల్ డివిజన్‌కి అప్పీలు ఉంటుంది. వాడుకలో దీన్ని రాడ్ అంటారు. 2012 డిసెంబర్ నుంచి పనిచేస్తోంది. ఇమిగ్రేషన్ అండ్ రెఫ్యూజీ ప్రొటెక్షన్ యాక్టులోని 72వ సెక్షన్ ప్రకారం, అప్పీలు హక్కు ఉన్నవాళ్లు దాన్ని వాడుకోకుండా నేరుగా ఫెడరల్ కోర్టుకు రాకూడదు. మొదటి తిరస్కరణ ఇప్పుడే వచ్చిందంటే మీరు వెళ్లాల్సింది కోర్టుకు కాదు, రాడ్‌కు. అప్పీలు నోటీసుకు అక్కడా గడువు పదిహేను రోజులే.

కొందరికి రాడ్ హక్కు ఉండదు. క్లెయిమ్‌కు నమ్మదగిన ఆధారమే లేదని గానీ, అది స్పష్టంగా నిరాధారమని గానీ డివిజన్ రాసినవాళ్లు, అమెరికా భూసరిహద్దు నుంచి వచ్చి సేఫ్ థర్డ్ కంట్రీ ఒప్పందంలోని మినహాయింపు కింద క్లెయిమ్ వేసినవాళ్లు, క్లెయిమ్‌ను వెనక్కి తీసుకున్నట్టుగా లేదా వదిలేసినట్టుగా బోర్డు ప్రకటించినవాళ్లు ఇందులోకి వస్తారు. వీళ్లు నేరుగా కోర్టుకు వెళ్లొచ్చు. కాకపోతే వీళ్లకు ఒక పెద్ద లోటు ఉంది, దాని గురించి కింద దేశం దాటించడం దగ్గర చెబుతాను.

రెండో అడుగు: గడువు

కెనడా లోపల తీసుకున్న నిర్ణయాలకు గడువు 15 రోజులు. కెనడా బయట వీసా ఆఫీసు తీసుకున్న నిర్ణయాలకైతే 60. మీకు వర్తించేది పదిహేనే. నిర్ణయం మీకు తెలిసిన రోజు నుంచి లెక్క. ఈ పదిహేను రోజుల్లో దరఖాస్తును కోర్టు రిజిస్ట్రీలో దాఖలు చేయడమే కాదు, దాని ప్రతిని ఎదుటి పక్షానికి అందించడం కూడా పూర్తవ్వాలి. చివరి రోజు ఆదివారమో ప్రభుత్వ సెలవో అయితే తర్వాతి పనిదినం దాకా సమయం ఉంటుంది. కానీ ఆ ధీమాతో ప్లాన్ వేసుకోకండి. క్రిస్మస్ సమయంలో కోర్టు నియమాల కింద నడిచే కొన్ని గడువులు ఆగుతాయి. ఈ పదిహేను రోజులు మాత్రం చట్టంలోనే ఉన్నాయి గనుక ఆగవు.

గడువు దాటితే అదనపు సమయం కోరవచ్చు. దాన్ని విడిగా కాకుండా అదే దరఖాస్తులో అడగాలి. మీరు మొదటి నుంచీ కోర్టుకు వెళ్లాలనే అనుకున్నారా, కేసులో పస ఉందా, ఆలస్యానికి తగిన కారణం ఉందా, దానివల్ల ఎదుటి పక్షానికి నష్టం జరిగిందా అని జడ్జి చూస్తారు. ఆస్పత్రిలో ఉంటే ఆ కాగితాలు పెట్టండి. "లాయరు దొరకలేదు" అన్న ఒక్క మాట నిలబడటం కష్టం. ఎవరెవరికి, ఏ తేదీల్లో ఫోన్ చేశారో చూపించగలిగితే కాస్త నయం.

అసలు నష్టం వేరే చోట ఉంది. సమయంలోపు వేసినవాళ్లకు దేశం దాటించకుండా దానంతటదే వచ్చే రక్షణ, అదనపు సమయం అడిగినవాళ్లకు రాదు. ఒక్కరోజు ఆలస్యమైనా అంతే.

మూడో అడుగు: ఎవరిని పెట్టుకోవాలి

ఫెడరల్ కోర్టులో మీ తరఫున నిలబడగలిగేది లాయరు మాత్రమే. ఇమిగ్రేషన్ కన్సల్టెంట్‌కు ఆ అధికారం లేదు. తగిన లైసెన్సు ఉన్న కన్సల్టెంట్ బోర్డు ముందు మీ తరఫున వాదించి ఉండొచ్చు, మంచివారే అయి ఉండొచ్చు. అయినా కోర్టు గడప దగ్గర వారి పని అయిపోయింది. "కోర్టు ఫైలింగ్ కూడా నేనే చూస్తా, పేరు మాత్రం మీది పెడదాం" అని ఎవరైనా అంటే, డబ్బు ఇవ్వకముందే లేచి వచ్చేయండి.

చేతిలో డబ్బు లేకపోతే మీ ప్రావిన్సులో లీగల్ ఎయిడ్‌కు అదే రోజు ఫోన్ చేయండి. అన్ని ప్రావిన్సుల్లో ఒకే తీరుగా ఉండదు. ఉన్నచోట కూడా కేసులో పస ఉందా అని చూశాకే సర్టిఫికెట్ ఇస్తారు, దానికి రోజులు పడతాయి. లీగల్ ఎయిడ్ జవాబు కోసం చూస్తూ గడువు పోగొట్టుకోవద్దు. మొదటి దరఖాస్తు ఫారం చిన్నది. గడువు కాపాడుకోవడానికి దాన్ని మీరే వేసి, తర్వాత లాయరును తెచ్చుకోవచ్చు. సొంతంగా కేసు నడుపుకోవడం చట్టం ఒప్పుకుంటుంది. కానీ వాదన పత్రం దగ్గరికి వచ్చేసరికి లాయరు ఉండటానికీ లేకపోవడానికీ తేడా చాలా ఉంటుంది. పైపై మర్యాదకు చెబుతున్న మాట కాదిది.

లాయరును కలిసినప్పుడు మీ మొత్తం ఫైలు ఇవ్వండి: మొదట రాసిన బేసిస్ ఆఫ్ క్లెయిమ్ ఫారం, రెండు నిర్ణయాలు, ఇచ్చిన ఆధారాలన్నీ, రాడ్‌కు పెట్టిన అప్పీలు రికార్డు, విచారణ ఆడియో రికార్డింగు. ఆడియో మీ దగ్గర లేకపోతే బోర్డు నుంచి అడిగి తీసుకోండి.

నాలుగో అడుగు: దరఖాస్తు ఫారం

దీని పూర్తి పేరు "అప్లికేషన్ ఫర్ లీవ్ అండ్ ఫర్ జ్యుడీషియల్ రివ్యూ". లీవ్ అంటే సెలవు కాదు, అనుమతి. రివ్యూ విచారణ జరగాలంటే ముందు కోర్టు అనుమతి కావాలి. ఫారం పేరు ఐఆర్-1. కోర్టు ఫీజు 50 డాలర్లు. ఏ నిర్ణయాన్ని సవాలు చేస్తున్నారు, అది ఎప్పుడు అందింది, ఏ కారణాల మీద సవాలు చేస్తున్నారు, ఏం కోరుతున్నారు అన్నవి రాయాలి. కారణాలను ఇక్కడ క్లుప్తంగా రాస్తే సరిపోతుంది, వివరమైన వాదన తర్వాత వస్తుంది.

ఎదుటి పక్షంగా రాడ్ పేరు పెట్టకండి. రెఫ్యూజీ తిరస్కరణల్లో ఎదుటి పక్షం సిటిజన్‌షిప్ అండ్ ఇమిగ్రేషన్ మంత్రి. మంత్రి తరఫున కాగితాలు తీసుకునేది డిపార్ట్‌మెంట్ ఆఫ్ జస్టిస్ ప్రాంతీయ కార్యాలయం. ప్రతి అక్కడికి చేరినట్టు రుజువును కోర్టుకు ఇవ్వాలి. దాఖలు ఆన్‌లైన్‌లో చేయొచ్చు. అంగీకరించాక ఐఎంఎం అనే అక్షరాలతో మొదలయ్యే కేసు నంబరు వస్తుంది. ఇకపై ప్రతి కాగితం మీద అదే ఉండాలి.

చాలామంది గమనించని విషయం ఒకటుంది. బోర్డు ముందు విచారణ రహస్యంగా జరుగుతుంది. కోర్టు కేసు బహిరంగం. తీర్పు మీ పేరుతో ఇంటర్నెట్‌లోకి వస్తుంది. ఊళ్లో మిమ్మల్ని వెతుకుతున్నవారు చదివే ప్రమాదం ఉంటే, అసలు పేరు బదులు అక్షరాలు వాడమని ఈ దరఖాస్తులోనే కోరవచ్చు. తర్వాత చూద్దాంలే అని వదిలేయకండి.

దేశం దాటించడం ఆగుతుందా?

అందరికీ నిద్రపట్టనివ్వని ప్రశ్న ఇదే. రాడ్ నిర్ణయం మీద గడువులోపు దరఖాస్తు వేస్తే, రిమూవల్ ఆర్డరు, అంటే దేశం విడిచి వెళ్లమనే ఆదేశం, దానంతటదే నిలిచిపోతుంది. కోర్టు లీవ్ నిరాకరించేదాకా, లేదా లీవ్ ఇచ్చి తర్వాత కేసు కొట్టేసేదాకా ఆ రక్షణ ఉంటుంది. తీవ్రమైన నేరం కారణంగా అనర్హులైనవాళ్లకు, మరికొన్ని వర్గాలవాళ్లకు ఇది వర్తించదు.

రాడ్ హక్కు లేక నేరుగా కోర్టుకు వచ్చినవాళ్లకు, గడువు దాటి వచ్చినవాళ్లకు ఈ స్టే, అంటే నిలుపుదల, దానంతటదే రాదు. వాళ్లు రెండు పనులు చేయాల్సి రావచ్చు. ఒకటి, సీబీఎస్ఏ (కెనడా సరిహద్దు సేవల సంస్థ) అధికారిని ప్రయాణం వాయిదా వేయమని రాతపూర్వకంగా కోరడం. రెండు, కోర్టులో స్టే కోసం మోషన్, అంటే విడిగా ఒక అభ్యర్థన, వేయడం. ఆ మోషన్‌కు మూడు అంశాల పరీక్ష ఉంది. 1988లో ఫెడరల్ అప్పీలు కోర్టు ఇచ్చిన టోత్ తీర్పు నుంచి వాడుతున్నది: తీవ్రంగా పరిశీలించదగ్గ వివాదాంశం ఉండాలి, ఆపకపోతే పూడ్చలేని హాని జరగాలి, ఇరుపక్షాల ఇబ్బందుల తూకం మీవైపు మొగ్గాలి. మూడూ నిలబడాలి, రెండు చాలవు. విమానం టికెట్ తేదీ తెలిసిన రోజే లాయరుకు చెప్పండి. బయల్దేరే ముందురోజు సాయంత్రం వచ్చే మోషన్లంటే జడ్జిలకు చికాకు, అందులో తప్పుపట్టడానికీ లేదు.

రిమూవల్ ఆగిందంటే వర్క్ పర్మిట్ గడువు కూడా దానంతటదే పెరిగిందని కాదు. దాని గడువు వేరు, దరఖాస్తు వేరు. అది గమనించి లాయరును అడగండి.

ఐదో అడుగు: నిర్ణయాన్ని చదవడం

కేసు గెలిచేదీ ఓడేదీ ఇక్కడే, కాబట్టి కాస్త తీరిగ్గా చెబుతాను.

రాడ్ నిర్ణయం ప్రింటు తీసుకోండి. మొదటిసారి చదివేటప్పుడు కోపం వస్తుంది, పక్కన పెట్టండి. రెండోసారి చదువుతూ ఒకే ఒక్క ప్రశ్న వేసుకోండి: నన్ను ఓడించిన కారణం ఏది? మార్జిన్‌లో దానికి గుర్తు పెట్టండి. ఒకటే ఉందా, రెండు మూడు ఉన్నాయా అన్నది కీలకం. ఉదాహరణకు రాడ్ "మీ మాట నమ్మలేం, ఒకవేళ నమ్మినా, మీరు ముంబైలో క్షేమంగా బతకొచ్చు" అని రాసిందనుకోండి. నమ్మకం గురించి రాసినదంతా తప్పని మీరు ఎంత గొప్పగా నిరూపించినా, ముంబై మాట నిలబడితే కేసు పోయినట్టే. ఓడించడానికి ఒంటరిగా సరిపోయే ప్రతి కారణాన్నీ పడగొట్టాలి.

ఈ ముంబై వాదనకు చట్టంలో పేరు ఇంటర్నల్ ఫ్లైట్ ఆల్టర్నేటివ్, అంటే దేశంలోనే మరోచోట తలదాచుకునే వీలు. భారతదేశం నుంచి వచ్చిన క్లెయిములు ఎక్కువగా దీని దగ్గరే పడిపోతాయి. దేశం పెద్దది, రాష్ట్రాలు వేరు, భాషలు వేరు, ఊరి గొడవ మహానగరం దాకా వస్తుందా అన్నది బోర్డు ఆలోచన. పరీక్ష రెండు భాగాలు. ఆ నగరంలో మీకు హింస జరిగే గట్టి అవకాశం గానీ, ప్రాణాపాయం గానీ ఉందా? మీ పరిస్థితుల్లో అక్కడికి వెళ్లి బతకమనడం సమంజసమేనా? మొదటి భాగంలో బోర్డు చూసేది, మిమ్మల్ని వెంటాడేవారికి అక్కడిదాకా వచ్చే శక్తి, కోరిక రెండూ ఉన్నాయా అని. రెండో భాగంలో గెలవాలంటే పట్టు చాలా గట్టిగా ఉండాలి. అద్దెలు ఎక్కువ, ఉద్యోగం దొరకదు అంటే సరిపోదు.

కోర్టులో ఈ అంశం మీద గెలిచే దారి మళ్లీ మీ భయాన్ని వర్ణించడం కాదు. రాడ్ ఏ ఆధారాన్ని చూడకుండా దాటవేసిందో వెతకడం. "కోరిక లేదు" అని రాసిందా? అయితే వాళ్లు నెలనెలా మీ ఇంటికొచ్చి అడుగుతున్నారని మీ అన్న ఇచ్చిన అఫిడవిట్ ఫైల్లో ఉందా? దాని గురించి నిర్ణయంలో ఒక్క ముక్కైనా ఉందా? మీరు ఎక్కడున్నారో ఇంట్లోవాళ్లు దాచిపెడితే సరిపోతుందని రాడ్ అనుకుందా? సొంత కుటుంబానికి కూడా చెప్పకుండా బతకమనడం దాక్కోమనడమేనని ఫెడరల్ కోర్టు కొన్ని తీర్పుల్లో చెప్పింది. ఇలాంటివి దొరికితే పేజీ నంబరుతో సహా రాసుకోండి.

నమ్మకం విషయానికొస్తే, ప్రమాణం చేసి చెప్పిన మాటను అనుమానించడానికి కారణం లేకపోతే నిజమనే అనుకోవాలన్నది 1980 నాటి మాల్డొనాడో తీర్పు నుంచి వస్తున్న సూత్రం. బోర్డు నమ్మకపోవచ్చు, కానీ ఎందుకు నమ్మలేదో స్పష్టంగా చెప్పాలి. "అలా ఎవరూ ప్రవర్తించరు" లాంటి ఊహ మీద ఆధారపడిందా? తేదీలో చిన్న తేడాను పట్టుకుని మొత్తం కథను కొట్టేసిందా? మీ వాంగ్మూలానికి నేరుగా మద్దతిచ్చే పత్రాన్ని ప్రస్తావించకుండానే వదిలేసిందా? ఎంత ముఖ్యమైన పత్రాన్ని మౌనంగా దాటేస్తే, దాన్ని చూడనేలేదని కోర్టు అనుకునే అవకాశం అంత ఎక్కువ.

ఇంకో రకం తప్పులు ఉన్నాయి, విచారణ న్యాయంగా జరగకపోవడం. మొదటి డివిజన్ ఎత్తని కొత్త అంశాన్ని రాడ్ తనంతట తాను లేవనెత్తి, మీకు జవాబిచ్చే అవకాశం ఇవ్వకుండానే దాని మీద ఓడిస్తే అది పెద్ద తప్పు. దుబాసీ విషయం కూడా ఇక్కడే వస్తుంది. తెలుగు దుబాసీ ఉన్నా, ఒక ప్రాంతం మాట మరో ప్రాంతంవారికి పూర్తిగా అందదు, వరసల మాటలు ఇంగ్లిష్‌లోకి వెళ్లేసరికి కలగాపులగమవుతాయి. పెదనాన్న కొడుకును మనం అన్న అంటాం; బ్రదర్ అని అనువదిస్తే "ఫారంలో మీకు అన్నలు లేరని రాశారు కదా" అని అడుగుతారు. కోర్టు ఇలాంటి తప్పులను పట్టించుకుంటుంది, కానీ మొదటి అవకాశంలోనే అభ్యంతరం చెప్పి ఉండాలి. విచారణలో తెలిసీ నోరు మెదపకుండా కోర్టుకు వచ్చాక చెబితే వినడం అరుదు.

అదే సూత్రం అన్నిటికీ వర్తిస్తుంది. రాడ్ ముందు పెట్టని వాదనను కోర్టులో మొదటిసారి పెడితే సాధారణంగా తీసుకోరు. రాడ్ వినని మాటకు రాడ్‌ను తప్పుపట్టలేం కదా.

ఇక కొలబద్ద ఏమిటి? కెనడా సుప్రీంకోర్టు 2019 డిసెంబర్‌లో ఇచ్చిన వావిలోవ్ తీర్పు. నిర్ణయం "సమంజసంగా" ఉందా అని చూడమంటుంది. జడ్జి తానైతే వేరేలా తేల్చేవారన్నది లెక్కలోకి రాదు. తర్కం ఒక మెట్టు నుంచి మరో మెట్టుకు తెగకుండా సాగిందా, వాస్తవాలకూ చట్టానికీ కట్టుబడి ఉందా అన్నదే పరీక్ష. ఎదుటి మనిషి జీవితం మీద ప్రభావం ఎంత ఎక్కువుంటే కారణాలు అంత బలంగా చెప్పాలని కూడా అదే తీర్పు అంటుంది. రెఫ్యూజీ కేసుల్లో ఇది మీకు అక్కరకొచ్చే మాట. కానీ వాక్యం వాక్యం తవ్వి చిల్లర తప్పులు ఏరుకోవద్దని కూడా అదే తీర్పు చెప్పింది. ఇరవై తప్పులు చూపిన వాదన కన్నా, నిర్ణయం నడుము విరిచే రెండు తప్పులు చూపిన వాదనే మేలు.

ఆరో అడుగు: అప్లికేషన్ రికార్డు

దరఖాస్తు వేశాక, నిర్ణయం కారణాలు మీ దగ్గర ఉంటే, నియమం ప్రకారం 30 రోజుల్లో పూర్తి రికార్డు ఇవ్వాలి. కేసుల రద్దీ వల్ల 2025 మేలో కోర్టు ప్రత్యేక ఆదేశంతో దీన్ని 75 రోజులకు పెంచింది. ఇలాంటి ప్రత్యేక ఏర్పాట్లు మారుతుంటాయి కాబట్టి, కేసు నంబరు వచ్చిన రోజే కోర్టు వెబ్‌సైట్లో నోటీసులు చూసి ఏ లెక్క అమల్లో ఉందో ఖాయం చేసుకోండి. రికార్డు ఇవ్వకపోతే కేసు అక్కడితో ముగుస్తుంది.

రికార్డులో ఉండేవి: మీ దరఖాస్తు, సవాలు చేస్తున్న నిర్ణయం, అఫిడవిట్, దానికి జతపరిచే పత్రాలు, వాదన పత్రం, అంటే మెమోరాండం. అఫిడవిట్‌లో మీకు స్వయంగా తెలిసిన వాస్తవాలు మాత్రమే రాయాలి, వాదనలు కాదు. ఇంగ్లిష్ గానీ ఫ్రెంచ్ గానీ రానివారైతే, సొంతంగా ప్రమాణం చేసిన స్వతంత్ర దుబాసీ దాన్ని మీకు మీ భాషలో చదివి వినిపించినట్టు రాసి ఉండాలి. మీ అల్లుడో కూతురో చదివి వినిపిస్తే పనికిరాదు.

కొత్త ఆధారాల గురించి ఒక మాట. అప్పీలు పోయాక ఊరి నుంచి కొత్త ఎఫ్ఐఆర్ కాపీ వచ్చిందనుకోండి. దాన్ని ఇక్కడ పెట్టాలని ఎవరికైనా అనిపిస్తుంది. పెట్టినా లాభం లేదు. బోర్డు చూడనిది కోర్టూ చూడదు, విచారణ న్యాయంగా జరగలేదని చూపడానికి కావలసినవి లాంటి కొద్ది మినహాయింపులు తప్ప. ఆ ఎఫ్ఐఆర్‌ను భద్రంగా దాచండి, దాని చోటు వేరే ఉంది, చివర్లో చెబుతాను.

పాత లాయరో కన్సల్టెంటో కేసు పాడుచేశారన్నది మీ వాదన అయితే, దానికి పద్ధతి ఉంది. ఆ ఆరోపణను ముందుగా వారికి రాసి పంపి, జవాబిచ్చే అవకాశం ఇవ్వాలి. అదీ కాక, వాళ్లు సరిగా చేసి ఉంటే ఫలితం వేరేగా ఉండేదని చూపాలి. కోపం తీర్చుకోవడానికి ఈ వాదన ఎత్తుకోకండి.

మీ రికార్డు అందాక మంత్రి తరఫు లాయరుకు జవాబివ్వడానికి 30 రోజులు. దానికి మీ ప్రతిజవాబుకు 10 రోజులు. ఈ పది రోజులను చాలామంది వదిలేస్తారు. ఎదుటి లాయరు మీ వాదనను తప్పుగా చెప్పినచోట రెండు పేజీల్లో సూటిగా సరిదిద్దడానికి ఇదే సమయం.

ఎదురుచూపులు

ఇప్పుడు ఒక జడ్జి కాగితాలు మాత్రమే చూసి, వాదించదగ్గ అంశం ఉందా లేదా అని తేలుస్తారు. ఎవరినీ పిలవరు. చాలా దరఖాస్తులు ఇక్కడే ఆగిపోతాయి. నిరాకరిస్తే ఒక్క వాక్యం వస్తుంది, సాధారణంగా కారణాలు చెప్పరు, దాని మీద అప్పీలు కూడా లేదు. అన్ని నెలలు ఆశపెట్టుకున్న మనిషికి ఆ ఒక్క వాక్యం చదవడం ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. ఇంట్లోవాళ్లకు ఈ అవకాశం గురించి ముందే చెప్పి ఉంచండి.

ఈలోగా చిరునామా మారితే లాయరుకు, కోర్టుకు, సీబీఎస్ఏకు, ఇమిగ్రేషన్ శాఖకు చెప్పండి. పిలిచిన అపాయింట్‌మెంటుకు వెళ్లండి. వెళ్లకపోతే వారెంటు వస్తుంది, అది తర్వాత ప్రతి దరఖాస్తులోనూ మీ మెడకు చుట్టుకుంటుంది.

ఒక్కోసారి మంత్రి తరఫు లాయరే తప్పు జరిగిందని ఒప్పుకుని, కేసు వెనక్కి తీసుకుంటే నిర్ణయాన్ని పక్కనపెట్టి మళ్లీ విచారణకు పంపుతామంటారు. "కోర్టులో గెలిచి చూపిస్తా" అనే పట్టుదల అక్కడ అనవసరం. కోర్టు ఇవ్వగలిగేది కూడా దాదాపు అదే.

ఏడో అడుగు: విచారణ

లీవ్ వస్తే, అదే ఉత్తర్వులో విచారణ తేదీ ఉంటుంది. చట్టం ప్రకారం లీవ్ ఇచ్చిన రోజు నుంచి 30 రోజులకు ముందు కాకుండా, 90 రోజులు దాటకుండా. బోర్డు తన దగ్గరున్న మొత్తం ఫైలును ధ్రువీకరించి పంపాలి. ఆ ఫైలు వచ్చిన రోజు మీ దగ్గరున్న కాగితాలతో పేజీ పేజీ సరిపోల్చండి. మీరు ఇచ్చిన పత్రం అందులో లేకపోతే, నిర్ణయం తీసుకున్నవారు దాన్ని చూడనేలేదన్నమాట. కొన్నిసార్లు అదొక్కటే కేసును గెలిపిస్తుంది.

విచారణ సాధారణంగా గంటన్నర. చాలాసార్లు వీడియోలో జరుగుతుంది. సాక్షులు ఉండరు, మీరు మాట్లాడే అవసరం రాదు. లాయర్లు ఇద్దరూ వాదిస్తారు, జడ్జి ప్రశ్నలు వేస్తారు. మీరు కూర్చుని వినొచ్చు. తీర్పు అప్పుడే చెప్పొచ్చు, ఎక్కువగా కొన్ని వారాలో నెలలో పడుతుంది. ఓడిపోయినా ప్రభుత్వం ఖర్చులు మీ నెత్తిన పడవు. ఇమిగ్రేషన్ కేసుల్లో ప్రత్యేక కారణం ఉంటే తప్ప ఖర్చులు వేయకూడదన్నది నియమం.

గెలిస్తే, ఓడితే

గెలిస్తే నిర్ణయం రద్దయి ఫైలు మళ్లీ రాడ్‌కు, వేరే సభ్యుడి దగ్గరకు వెళ్తుంది. అక్కడ మళ్లీ ఓడిపోయినవాళ్లూ ఉన్నారు. కొత్త సభ్యుడు కోర్టు ఎత్తిచూపిన తప్పు చేయకూడదు, అంతే. అదే ఫలితానికి మెరుగైన కారణాలతో రావచ్చు. కాబట్టి ఆ మధ్యకాలంలో కొత్త ఆధారాలు సిద్ధం చేయడం మొదలుపెట్టండి. రాడ్‌లో కొత్త ఆధారానికి షరతులున్నాయి: తిరస్కరణ తర్వాత పుట్టినదై ఉండాలి, లేదా ముందే సహేతుకంగా తెచ్చిపెట్టడానికి వీలు లేనిదై ఉండాలి.

ఓడితే ఫెడరల్ అప్పీలు కోర్టుకు వెళ్లే తలుపు చాలా ఇరుకు. ఇతర కేసులకూ ముఖ్యమైన తీవ్రమైన చట్టపరమైన ప్రశ్న ఉందని తీర్పిచ్చిన జడ్జే ధ్రువీకరించాలి. అలాంటి ప్రశ్న ఉందనుకుంటే లాయరు విచారణకు ముందే ప్రతిపాదించాలి.

ఇక ఆ దాచిపెట్టిన ఎఫ్ఐఆర్. దేశం దాటించే ముందు జరిగే ప్రమాద అంచనా, పీఆర్ఆర్ఏ, దాని అసలు చోటు. తిరస్కరణ తర్వాత పుట్టిన ఆధారాలను అక్కడ చూస్తారు. కానీ సాధారణంగా 12 నెలలపాటు దానికి అర్హత ఉండదు. కోర్టుకు వెళ్లి ఓడినవాళ్లకు ఆ ఏడాది కోర్టు కాదన్న రోజు నుంచి మొదలవుతుంది, అంటే కోర్టు దారి పట్టడం వల్ల ఈ ఏడాది లెక్క మరింత ఆలస్యంగా మొదలవుతుంది. మానవతా కారణాల మీద శాశ్వత నివాసం కోరడానికీ అలాంటి ఏడాది నిషేధమే ఉంది, పిల్లల మేలుకు తీవ్ర హాని కలిగే సందర్భానికి, స్వదేశంలో తగిన వైద్యం దొరక్క ప్రాణాపాయం ఉన్న సందర్భానికి మినహాయింపు తప్ప. ఇవన్నీ లాయరుతో మొదటి వారంలోనే మాట్లాడుకోవాల్సిన లెక్కలు.

స్టే తొలగాక డిపార్చర్ ఆర్డరు (గడువులోగా మీరే దేశం వదలాలనే రిమూవల్ ఆర్డరు) మీద 30 రోజుల గడువు నడుస్తుంది. ఆలోపు వెళ్లిపోవాలనుకునేవాళ్లు విమానాశ్రయంలో సీబీఎస్ఏ దగ్గర ఆగి, వెళ్తున్నట్టు సర్టిఫికెట్ తీసుకోవాలి. టికెట్ కొని ఊరికే విమానం ఎక్కేస్తే ఆ ఆర్డరు డిపోర్టేషన్ ఆర్డరుగా మారుతుంది. ఆ తర్వాత ఎన్నేళ్లకైనా సరే, ప్రత్యేక అనుమతి తెచ్చుకోకుండా కెనడాలో మళ్లీ అడుగుపెట్టే వీలుండదు.